మా పోర్టు కారు

ఆ రోజుల్లో జరిగిన ఈ ముచ్చటను ఇన్నేళ్లూ నోటితోనే చెబుతూ వచ్చాను. చేపలు కొనేవాళ్లకు చెప్పాను, పక్కింటివాళ్లకు చెప్పాను, వినేవాళ్లెవరూ దొరకని రోజున వల బాగుచేసుకుంటున్న మా ఆయనకే మళ్లీ చెప్పాను. రాయడం మాత్రం ఇప్పటిదాకా కుదరలేదు. తీరిక లేక కాదు, అక్షరాలు రాక. యాభై దాటాక, మా పేటలో సాయంత్రం పూట ఆడవాళ్లకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గర పలక పట్టాను. అఆలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, బస్సు మీద ఊరి పేరు చదివాను (నేను చదివేలోపు బస్సు వెళ్లిపోయింది, అది వేరే సంగతి). అమ్మ, అత్త, చెల్లి లాంటివి, ఒక అక్షరం కింద అదే అక్షరం వేలాడేవి కూడా పట్టుబడ్డాయి. ఇక రాసేద్దామని కూర్చుంటే ముఖ్యమైన మాట దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆ మాటలో ఒక అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడుతుంది. "అవి కష్టం, చివర్లో చెబుతాను" అంది టీచరమ్మ. ఆ చివర కిందటి నెలలో వచ్చింది. నా కథ మొత్తం ఆ ఒక్క జంటక్షరం మీదే నడుస్తుంది కాబట్టి, అది చేతికి వచ్చాకే రాస్తున్నాను.

ఆ రోజులంటే తొంభైల మొదట్లో. నేను ఈ జాలారిపేటకు కాపురానికి వచ్చిన కొత్త. మా ఆయన మరపడవ మీద వేటకు వెళితే వారానికో పదిరోజులకో ఒడ్డు చూసేవాడు. మా అత్తా నేనూ తెల్లవారకముందే చేపల రేవుకు వెళ్లి, పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, తట్టలకెత్తుకుని మద్దిలపాలెం చేరి రోడ్డు పక్కన అమ్మేవాళ్లం. బస్సులో మా తట్టల్ని ఎక్కనిచ్చేవాళ్లు కాదు, వాసనట. ఆటోవాళ్లు ఎక్కించుకునేవాళ్లు గాని ముక్కు మూసుకుని ఒక చేత్తో నడిపేవాళ్లు, అది ఇంకా భయం. నాకు చిన్నప్పటినుంచీ ఇంజన్లంటే పిచ్చి. ఒడ్డున నిలబడి చీకట్లో చప్పుడు విని, వచ్చేది ఎవరి పడవో చెప్పేసేదాన్ని. మద్దిలపాలెం వచ్చాక ఆ చెవి బళ్ల మీదకు మళ్లింది. చేపలు తోముతూ తలెత్తకుండానే "అత్తా, లారీ. క్లచ్చి అరిగిపోనాది దానికి" అనేదాన్ని. "సేప పొలుసు సూడవే, లారీ క్లచ్చి నీకేటి" అనేది అత్త. రోడ్డు మీద పోయే బళ్లన్నీ నాకు చేపల్లాగే కనబడేవి. ఆటోలు పీతలు, ఏ సందు దొరికితే అందులోకి అడ్డంగా దూరేవి. సిటీ బస్సు సొర, అది వస్తే మిగతావన్నీ తప్పుకోవలసిందే. ఆఫీసర్ల తెల్ల కార్లు పొట్ట ఉబ్బిన కప్పలు. వంజరం లాంటి బండి మాత్రం ఒక్కటీ కనబడలేదు. వంజరం అంటే తెలుసు కదా, పొడుగు ముక్కు, సన్నటి నడుము, నీళ్లలో ఉంటే దాన్ని చూడటమే తప్ప పట్టుకోవడం ఉండదు.

అది నాకు పైలట్ బాబు ఇంట్లో కనబడింది. (విమానాల పైలట్ కాదు. సముద్రంలో ఆగిన ఓడ ఎక్కి, దాన్ని రేవులోకి నడిపించుకొచ్చే పైలట్. పోర్టులో ఆ పని చేసి రిటైరైన పెద్దాయన.) బీచ్ రోడ్డు పైన గుట్ట మీద ఆయన బంగళా. వారానికి రెండుసార్లు నా దగ్గర చేపలు తీసుకునేవాడు. బేరం ఆడడం ఆయనకు బొత్తిగా రాదు, నేను చెప్పిన ధర విని "మరీ తక్కువ చెబుతున్నావేమో చూసుకో అమ్మాయ్" అనేవాడు. ఒకరోజు షెడ్డులో టార్పాలిన్ తీసి ఏదో తుడుస్తున్నాడు. తట్ట దింపకుండానే నిలబడిపోయాను. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతల లోతు నీళ్లకుండే ముదురు పచ్చ రంగు. పైకప్పు లేదు. ఇద్దరికే చోటు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, తలుపు మీంచి చెయ్యి వేస్తే రోడ్డు తగిలేలా ఉంది. పొడుగాటి ముక్కు, దానికి రెండు వైపులా గుండ్రటి కళ్లు. ఇంతకాలం నేను రోడ్డు మీద వెతుకుతున్న వంజరం ఈయన షెడ్డులో పడుకుని ఉంది. "దీని పేరేటి బాబూ?" అన్నాను. ఆయన గుడ్డ భుజం మీద వేసుకుని, పిల్ల పేరు చెప్పినంత మురిపెంగా, "స్పోర్ట్స్ కారు" అన్నాడు.

ఇక్కడ మా నోటి సంగతి, చెవి సంగతి చెప్పాలి. మాట మొదట్లో వచ్చే ‘స’ మా దగ్గర నిలవదు. స్టేషన్ మాకు టేసను. స్టీలు ప్లాంటు టీలు ప్లాంటు. పలకని అక్షరం వినబడదు కూడా. పైగా పుట్టినప్పటినుంచీ పోర్టు సైరన్ విని నిద్రలేచే మనుషులం. ఆయన చూస్తే పోర్టు మనిషి. కాబట్టి నాకు వినబడింది పోర్టు కారు. చివర్లో ఏదో ‘సు’ కూడా వినబడింది గాని, ఇంగ్లీషు మాటలకు తోకలు మామూలేనని దాన్ని లెక్కపెట్టలేదు.

అప్పటినుంచీ ఆ ఇంటికి వారానికి రెండుసార్లు కాదు, చేపలు ఉన్నా లేకపోయినా వెళ్లేదాన్ని. ఆయనకు మోకాళ్ల నొప్పి. "ఎక్కగలను అమ్మాయ్, దిగలేను" అనేవాడు. అందుకే అమ్మేద్దామని చూస్తున్నాడు. కొనేవాళ్లు చాలామందే వచ్చారు. వచ్చినవాళ్లందర్నీ ఆయన ఒక్కటే అడిగేవాడు, "దీన్ని ఏం చేస్తారు?" అని. ఒకాయన తన హోటలు గుమ్మంలో పూలకుండీల మధ్య పెడతానన్నాడు. ఇంకొకాయన పెళ్లికొడుకుల ఊరేగింపులకు అద్దెకిస్తానన్నాడు. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి పంపేశాడు. నేను అరుగు మీద కూర్చుని చేప కోస్తూ అదంతా వింటున్నాను. ఆయన నా వైపు తిరిగి నవ్వుతూ, "నీకిస్తే నువ్వేం చేస్తావమ్మాయ్?" అన్నాడు. "నడుపుతాను బాబూ." "ఎక్కడికి?" ఆలోచించలేదు, నోటికి వచ్చింది చెప్పేశాను. "అది ఎక్కడికెల్తే అక్కడికి." ఆయన నవ్వడం మానేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "రేపు చేపలమ్ముకున్నాక రా, నేర్పిస్తా" అన్నాడు.

నేర్పడం అంటే ఆయనకు ఒకటే తెలుసు, ఓడ నడపడం. నన్ను కుడివైపు కూర్చోబెట్టి, తను ఎడమవైపు కూర్చుని (ఆయన్ని దించడానికి తోటమాలి, నేను చెరో చెయ్యి పట్టేవాళ్లం) హుకుములు ఇచ్చేవాడు. "డెడ్ స్లో" అంటే మెల్లగా. "హాఫ్ ఎహెడ్" అంటే కొంచెం తొక్కు. "స్టాప్ ఇంజన్" అంటే బ్రేకు. ఇవి తొందరగానే వచ్చేశాయి. రుషికొండ వైపు రోడ్డు అప్పట్లో ఖాళీగా ఉండేది, కుడిపక్కన సముద్రం, ముందు రోడ్డు, అంతే. ఒకరోజు అలా వెళుతుంటే ఎడమవైపు ఒక దారి వచ్చింది. ఆయన ఒక్కసారిగా "పోర్ట్! పోర్ట్! హార్డ్ ఎ పోర్ట్!" అని కేకేశాడు. పోర్టు మా వెనక ఎక్కడో ఊరవతల ఉంది. ఇంత గాబరాగా అంటున్నాడంటే ఏదో పని గుర్తొచ్చినట్టుందని, నడిరోడ్డు మీద బండిని గిర్రున వెనక్కి తిప్పేశాను. ఎదురుగా వస్తున్న బస్సు ఆగిపోయింది, కొబ్బరిబొండాల బండివాడు బండి వదిలేసి ఇసకలోకి దూకాడు. "ఎక్కడికమ్మాయ్?" అన్నాడు పైలట్ బాబు, తలుపు పట్టుకుని. "తవరే కదా బాబూ పోర్టుకి ఎల్లమన్నారు!" ఆయన నవ్విన నవ్వుకు బస్సు డ్రైవరు కూడా తిట్టడం మర్చిపోయాడు. ఓడ భాషలో పోర్ట్ అంటే ఎడమవైపు అట. సరే అనుకున్నాను. ఈ కారు పోర్టుదని ముందే తెలుసు, ఇప్పుడు దీని ఎడమ భుజం కూడా పోర్టుదేనని తేలింది.

బండి నడపడం వచ్చాక, లైసెన్సు కూడా వచ్చింది (అక్కడ రోడ్డు గుర్తులు చూపించి అడిగారు, బొమ్మలకు చదువు అక్కర్లేదు కదా), కారు నాకే అమ్ముతానని పైలట్ బాబు మాటిచ్చాడు, ఇక మిగిలింది మా అత్త. అత్త ఒప్పుకోకపోతే మా ఇంట్లో కుండ కూడా చోటు మారదు. ఆమె చేప కోస్తున్నప్పుడు మెల్లగా మాట ఎత్తాను.

"కారా? మతి గాని పోనాదేటే నీకు? మనకి కారెందుకే? సేపలు కారెక్కి ఊరేగుతాయా?"

"అలాటిలాటి కారు కాదత్తా. పోర్టు కారు."

చేప మీద కత్తి ఆగింది. "ఏ కారూ?"

"పోర్టు కారు. పైలట్ బాబే సెప్పినాడు."

"అయితే గేటుకాడ ఆపరా?"

"పోర్టు కారుని పోర్టోళ్లే ఎలగ ఆపుతారత్తా?"

అత్త రేవు ఉన్న వైపు తిరిగి చూసింది. చేపల రేవు పోర్టు గేటు లోపలే, మనుషులు నడిచి వెళ్లొచ్చు గాని, బండి వెళ్లాలంటే గేటు దగ్గర పాసు చూపించాలి. పాసున్న లారీలు పడవ పక్కకు వెళ్లి మంచి చేప ముందు ఎత్తుకుపోయేవి. మేము తడి తట్టలు నెత్తిన పెట్టుకుని గేటు బయటికి నడిచి వచ్చి, అక్కడినుంచి ఆటో వెతుక్కోవాలి. అత్త మనసులో ఉన్నది అదొక్కటే కాదు. "మీ మావ బతికున్నన్నాళ్లూ పోర్టులో పని కోసం తిరిగినాడే" అంది చివరికి. "ఆ గేటుకాడ గొడుగేసుకుని నిలబడీవోడు. ఒక్కసారైనా లోనికి రమ్మన్నోడు లేడు." కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తీర్పు చెప్పింది. "సూడు పిల్లా. కొందాం. ఆ కారు పోర్టు గేటు దాటిందా, మనింట్లోన ఉంటాది. దాటనేదా, మర్నాడే ఇనుప బావకి తూకానికి ఇచ్చీడవే. నాను మాటంటే మాటే." (ఇనుప బావ అంటే మా వీధి చివర పాత ఇనుప సామాన్ల కొట్టువాడు. పేటలో అందరికీ బావే.) ఆమె మాటంటే మాటేనని నాకు తెలుసు. అయినా నాకు భయమెందుకు? పోర్టు కారు పోర్టు గేటు దాటకుండా ఎక్కడికి పోతుంది?

కొన్నాం. ఎలా కొన్నామంటే, అత్త చీటీ ఎత్తింది, పైలట్ బాబు హోటలాయనకు చెప్పిన ధర నాకు చెప్పలేదు, అంతవరకే చెబుతాను. కొత్త పడవకు ఏమేం చేస్తామో దానికీ అవన్నీ చేశాం. ముక్కుకు పసుపు రాశాం, కుంకుమ పెట్టాం, కోడిని దిగదుడిచాం. ఉప్పుగాలికి ఇనుము తినేస్తుందని, పడవ చెక్కకు రాసినట్టే, అత్త కారంతటికీ సొరచేప నూనె పట్టించింది. బండి భలే మెరిసింది. ఆ రాత్రినుంచి పేటలో పిల్లులన్నీ మా ఇంటిముందే కాపురం పెట్టాయి. వేటనుంచి వచ్చిన మా ఆయన, తను ఎప్పుడూ వల ఆరవేసుకునే చోట పచ్చటి కారూ, దాని మీద నాలుగు పిల్లులూ చూసి, "వల ఎక్కడ ఆరేత్తాం?" అని మాత్రం అన్నాడు. ఇనుప బావ కూడా వచ్చాడు. వేలి మడుపుతో ముందుభాగం మీద టకటక కొట్టి, చెవి పెట్టి విని, "మంచి రేకే అక్కా. నానెక్కడికీ పోను, కొట్టుకాడే ఉంటాను" అని వెళ్లాడు. ఆ టకటక నా గుండె మీద కొట్టినట్టే అయింది.

ముహూర్తం రోజు తెల్లారుతుండగా బయలుదేరాం. అత్త పెళ్లిళ్లకు కట్టే చీర కట్టి, ఒళ్లో ఖాళీ తట్ట పెట్టుకుని ఎడమవైపు కూర్చుంది. దారి పొడుగునా తల అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా ముందుకే చూసింది, ఊరేగింపులో అమ్మవారిలా. రేవు దగ్గరికి వచ్చేసరికి మా తోటి చేపలమ్మేవాళ్లంతా తట్టలతో గేటు వైపు నడుస్తున్నారు. మమ్మల్ని చూసి దారి ఇచ్చారు. "డెడ్ స్లో" అని నాకు నేనే చెప్పుకుని, గేటు కర్ర ముందుకు తెచ్చి ఆపాను. హారన్ కొట్టాను. కర్ర లేవలేదు. కుర్ర గార్డు ఒకడు విజిల్ ఊదుకుంటూ వచ్చాడు.

"ఆపమ్మా ఆపు! ఏటిది? పాసేది?"

"పాసేటి బాబూ? పోర్టు కారుకి పాసేటి?" అంది అత్త, వాడి వైపు చూడకుండానే.

"ఇది పోర్టు కారా? ఎవులు సెప్పినారు?"

"పైలట్ బాబు గారు సెప్పినారు" అన్నాను నేను. "ఆరి బండే ఇది. పోర్ట్సు కారు."

"ఏ కారూ?"

"పోర్ట్సు కారు!"

వాడు కారు చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. వంగి వాసన చూసి వెనక్కి తగ్గాడు. కాళ్ల దగ్గర చేరిన పిల్లిని తోలాడు. అప్పుడు వాడి ముఖంలో దీపం వెలిగింది. ఆ వెలుగు చూస్తేనే నాకు ఏదో తేడా జరిగిందని అర్థమైంది. "ఓలమ్మ! స్పోర్ట్సు కారా! పోర్టు కాదమ్మా. స్... స్... స్పోర్ట్సు! స్పోర్ట్సంటే ఆటలు. ఇది ఆటల కారు!"

ఆ ‘స్... స్...’ చక్రంలోంచి గాలి పోతున్నట్టు వినిపించింది నాకు. చక్రాలు బాగానే ఉన్నాయి, గాలి పోయింది నాకు. వెనక నిలబడ్డ తట్టలన్నీ ఒక్కసారిగా నవ్వాయి.

"ఆటల కారంట! ఓలప్పో, అత్తాకోడళ్లు ఆడుకోడానికి కారు కొన్నారంట!"

"ఓ వదినా, నీ వొంతు అయిపోనాక నాకూ ఓపాలి ఇయ్యే!"

"లక్కపిడతలు కూడా ఇచ్చినారేటే దాంతోటి?"

నేను స్టీరింగు పట్టుకుని తలదించుకున్నాను. నాకు వినబడుతున్నది వాళ్ల నవ్వు కాదు, ఇనుప బావ వేలి మడుపు టకటక. ఇంత అందమైన బండి ముక్కలుముక్కలుగా త్రాసు ఎక్కడం కళ్లకు కట్టింది. పక్కన అత్త కదిలింది. దిగి ఇంటికి నడిచిపోతుందనుకున్నాను. ఆమె దిగలేదు. కారు మరీ పొట్టిది కదా, కూర్చుంటే ఎవరికీ కనబడదని, చెప్పులు విడిచి సీటు మీద నిలబడింది.

"ఆటల కారే! అయితే ఏటంట?" ఆ గొంతు వేలంపాటలో లారీవాళ్లనే ఓడించే గొంతు. "తెల్దకుండా కొన్నాననుకుంటన్నారా? ఆటల కారని తెలిసే కొన్నాను! ఊహొచ్చిన కాడనుంచీ తట్ట మొయ్యడవే గాని, ఆడినామేటే మనం ఎప్పుడైనా? నీ కోడలు తిప్పుతాదేటే నిన్ను ఇలగ? నీ కోడలు తిప్పుతాదా? నా కోడలు తిప్పుతాది! పోనియ్యవే బండి!"

"ఎక్కడికత్తా?" అన్నాను. ఎదురుగా గేటు కర్ర అలాగే ఉంది.

"ఎక్కడికేటే, ఎనక్కి!"

అంత దర్జాగా వెనక్కి వెళ్లిన బండిని నేను మళ్లీ చూడలేదు. నవ్వినవాళ్లే తట్టలు పక్కకు జరిపి దారి ఇచ్చారు. కుర్ర గార్డు, ఎందుకో వాడికే తెలియాలి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. అత్త నిలబడే దాన్ని అందుకుంది. నాకు మాట పడిపోయిన చోట, ఆవిడకు అన్ని మాటలు ఎక్కడినుంచి వచ్చాయో!

మలుపు తిరిగి గేటు కనుమరుగయ్యాక సీట్లో కూలబడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ఒసే, ఏ ఆటే ఇది?"

"తెల్దత్తా."

"కబాడీకా?"

"కారుతోటి కబాడీ ఎలగత్తా?"

"మరేటికే? ఆడతామని అంతమందిలోన సెప్పీసినాను. రేపెవులైనా అడిగితే ఏటి సెప్తాం? పద, ఆ బాబునే అడుగుదాం. మనం ఆడగలిగిందైతే ఉంచుదాం. నేదంటే ఇనుప బావే."

పైలట్ బాబు అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. జరిగిందంతా అత్తే చెప్పింది. ఆయనకు నవ్వు వచ్చిందని నాకు తెలుసు, కప్పు సాసర్లో గలగలలాడింది. కాని నవ్వలేదు. అత్త అడిగిన ప్రశ్నకు, పోర్టు ఆఫీసులో పెద్దవాళ్లు అడిగితే చెప్పినంత మర్యాదగా జవాబు చెప్పాడు.

"దీని ఆట ఒకటేనమ్మా. పని లేకుండా వెళ్లడం."

"పని నేకుండా ఎక్కడికి ఎల్తారు బాబూ?"

"ఎక్కడికైనా. వెళ్లి, తిరిగి రావడమే."

"గెలిస్తే ఏటిత్తారు?"

"ఏమీ ఇవ్వరు."

"ఓడిపోతే?"

"అందులో ఓడిపోవడం లేదమ్మా."

"ఓడిపోడం నేకపోతే ఆటెలగవుద్ది?" అంది అత్త. ఆయన కప్పు కింద పెట్టి, నిజమేనన్నట్టు తల ఊపాడు. అత్త కాసేపు కారు వైపు చూసింది, ఆయన మోకాళ్ల వైపు చూసింది, చివరికి ఆ ఆటకు తనే నియమం పెట్టింది. "సరే. ఎక్కిన కాడనుంచి దిగీవరకూ ఎవులు ముందు పని మాటెత్తితే ఆళ్లు ఓడిపోయినట్టు. ఎక్కవే." అలా మా అత్త, చదువుకున్న పెద్దమనిషి కూడా పూర్తిచెయ్యని ఆటను పూర్తిచేసింది.

రుషికొండ రోడ్డు ఎక్కాం. "హాఫ్ ఎహెడ్" అనుకుని తొక్కాను, ఆ తర్వాత ఏ హుకుమూ అనుకోకుండా ఇంకా తొక్కాను. ఆ ఇంజను పాడింది. పడవ ఇంజను దగ్గుతుంది, లారీ ఇంజను తిడుతుంది, పాడే ఇంజను అదొక్కటే విన్నాను నా జన్మలో. పొడుగాటి ముక్కు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, నూనె వాసన కూడా మా వెనకెక్కడో పడిపోయింది. అత్త కొప్పు ఊడి జుట్టంతా జెండాలా ఎగిరింది. ఒక మలుపులో ఆమె ఒళ్లోని తట్ట గాలికి లేచి, వెనక్కి పల్టీ కొట్టి, ఇసకలో దొర్లుకుంటూ సముద్రం వైపు పోయింది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. "పోనియ్యే" అంది అత్త. "తట్టత్తా!" అన్నాను. "పోనియ్యే అంటంటే! పని మాటెత్తినావు. ఓడిపోనావు." అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. అత్తకు ఒక పక్క పన్ను లేదని నాకు ఆ రోజే తెలిసింది.

రుషికొండ దగ్గర ఆగి, ఇద్దరం బండిలోనే కూర్చుని సముద్రం చూశాం. కాసేపటికి అత్త కళ్లు చికిలించి, "ఇక్కడ ఏ సేపలు పడతాయంటావే?" అంది. నేను ఆమె వైపు తిరిగి కనుబొమలెగరేశాను. నాలిక కరుచుకుంది. ఒక్కొక్కరం ఒక్కోసారి ఓడి, సమానంగా ఇంటికి వచ్చాం.

ఇనుప బావ త్రాసు వేసుకుని మా గుమ్మంలోనే ఉన్నాడు, రేవులో నవ్విన నవ్వు మాకంటే ముందే పేటకు చేరింది మరి. "ఏటి అక్కా, గేటు దాటనేదంట కదా?"

"గేటా? గేటుకాడ మాకేటి పని?" అంది అత్త, దిగకుండానే. "ఇది ఆటల కారు బావా. త్రాసు అటు తీసీ, బండికి గీసుకుపోద్ది."

ఆ తర్వాత గేటు బయటే చెట్టు కింద బండి పెట్టి, చేపల తట్ట వెనక కడ్డీలకు కట్టుకుని మద్దిలపాలెం వెళ్లేవాళ్లం. కారును చూడటానికి వచ్చినవాళ్లు ఊరికే చూస్తే బాగుండదని చేపలు కొనేవాళ్లు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం తట్ట ఇంట్లో పెట్టి ఆటకు వెళ్లేవాళ్లం. ఎవరైనా "ఎక్కడికి అత్తాకోడళ్లు?" అంటే, "ఎక్కడికీ నేదు" అనేది అత్త, మహారాణి ఊరు చెప్పినట్టు. అంతమందిలో ఆటల కారని చాటిన మనిషి, ఇంట్లో మాత్రం చివరిదాకా దాన్ని పోర్టు కారనే పిలిచింది.

ఇప్పుడు పైలట్ బాబు లేడు, అత్తా లేదు. కారు ఉంది. బతిమాలితే కదులుతుంది, బతిమాలడం మా ఆయనకు చేతకాక దాని మీద వల ఆరవేసుకుంటాడు (చోటు సమస్య అలా తీరింది). కిందటి నెలలో టీచరమ్మ బోర్డు మీద ఆ జంటక్షరం రాసి "స్పో" అని పలికించింది. నేను అందరికంటే గట్టిగా పలికాను, పక్కామె తుళ్లిపడింది. చూస్తే, నేను ఇన్నేళ్లూ వినని ‘స’ పైన దర్జాగా కూర్చుని ఉంది. నేను విన్న ‘ప’ దాని కింద ఒత్తుగా వేలాడుతోంది, అత్త పక్కన ఒదిగి కూర్చున్న కొత్త కోడలిలా. ఆ సాయంత్రం పలక నిండా అదే రాసుకున్నాను. ఆ రోజు గేటు దగ్గర తల దించుకుని స్టీరింగు పట్టుకున్న ఆ పిల్లకు చూపించాలనిపించింది. ఇంతేనే, ఇంత చిన్నదానికేనే అంత గాలి పోయింది నీకు.

మర్నాడు పొద్దున్నే లేచి కారు మీద వల తీసేశాను. ముందుభాగం మీద ఉప్పు దుమ్ము పలకలా పట్టి ఉంది. దాని మీద వేలితో పెద్ద అక్షరాలు రాశాను. మా ఆయన పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. ఆయనకు ఇంకా చదువు రాదు.

"ఏటి రాసినావు?"

"దీని పేరు."

"సరిగ్గానే రాసినావా?"

పోర్టు కారు, అని ఉంది. ఆ ‘స’ ఎలా రాయాలో నాకిప్పుడు బాగా తెలుసు. రాయలేదు. "సరిగ్గానే రాసినాను" అని, ఎడమ పక్కకు వెళ్లి, పోర్టు వైపు తలుపు తీసి, ఆయన్ని ఎక్కమన్నాను.